పిల్లలు, తాతయ్యలు, అత్తమామలు అందరితో ఈస్టర్ మూడు రోజులు: ఏం చేయాలి, ఏం వదిలేయాలి

ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలు ఉన్నారు, పండక్కి తాతయ్యలు, అమ్మమ్మలు, బాబాయిలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు అందరూ దిగుతున్నారు అంటే ముందు ఒక్క నిర్ణయం తీసుకోండి. యేసు చనిపోయిన శుక్రవారం, సమాధిలో ఉన్న శనివారం, తిరిగి లేచిన ఆదివారం, ఈ మూడూ ఒకేలా గడవకూడదు. చాలా ఇళ్లలో బంధువులు గుమ్మంలో అడుగు పెట్టిన నిమిషం నుంచే చాక్లెట్లు, ఫోటోలు, గోల మొదలైపోతాయి, అసలు పండుగ రోజు పొద్దున్నకి పిల్లలు అలిసిపోయి చిరాగ్గా ఏడుస్తూ ఉంటారు. శుక్రవారం నెమ్మదిగా, శనివారం ఎదురుచూస్తూ, ఆదివారం పట్టలేని సంతోషంతో గడిపితే మూడేళ్ల పిల్లకి కూడా ఏదో పెద్ద సంగతి జరిగిందని తెలిసిపోతుంది, మీరు నోటితో చెప్పాల్సింది సగం తగ్గిపోతుంది.

ముందు తారీఖు చూసుకోండి, ఎందుకంటే ఈస్టర్ ప్రతి ఏడాదీ మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి తర్వాతి ఆదివారం అని చర్చి లెక్క, అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా పడొచ్చు. 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. మీ కుటుంబంలో ఆర్థడాక్స్ చర్చికి వెళ్లే వాళ్లుంటే వాళ్ల లెక్క పాత జూలియన్ క్యాలెండర్ మీద నడుస్తుంది కాబట్టి 2027లో వాళ్లకి మే 2న వస్తుంది, 2028లో మాత్రం రెండూ ఒకే రోజు. సెలవులు, టికెట్లు పెట్టుకునే ముందు ఇది అడిగి తెలుసుకోండి.

బంధువులతో ముందే మాట్లాడుకోవాల్సినవి

మూడు వారాల ముందు అందరికీ ఒకే మెసేజ్ పెట్టండి. ఎవరు ఏ రోజు వస్తారు, ఎంతమంది పడుకుంటారు, ఎవరికి ఏ ఆహారం పడదు, ఎవరు ఏం వండి తెస్తారు. ఇందులో పడని ఆహారం సంగతి మొహమాటపడకుండా అడగండి. చాక్లెట్లలో పాలు, పల్లీలు, జీడిపప్పు లాంటివి ఉంటాయి, కొంతమంది పిల్లలకి గుడ్డే పడదు, అలాంటి పిల్ల ఒక్కతి ఉన్నా ఆదివారం దాచిన గుడ్లు వెతికే ఆట మొత్తం తినే వస్తువులు లేకుండా స్టిక్కర్లతో, చిన్న బొమ్మలతో పెట్టేయడమే మంచిది, ఆ ఒక్క పిల్లకి మాత్రం వేరే పెట్టడం కంటే.

రెండోది కానుకలు. ఒక అత్త పెద్ద బొమ్మ తెచ్చి, ఇంకో పిన్ని చిన్న పుస్తకం తెస్తే పిల్లలు అక్కడే పోల్చేస్తారు, పెద్దవాళ్ల మనసు కూడా కాస్త చివుక్కుమంటుంది. అందరి పిల్లలకీ కలిపి ఒక్కటే కానుక, లేదా అసలు కానుకలే వద్దు, ఏదో ఒకటి ముందే అనుకోండి. చాక్లెట్ల విషయంలో కూడా అంతే. "అమ్మా, ఈసారి చాక్లెట్లు ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాకే ఇద్దాం, మీ చేత్తోనే ఇవ్వండి" అని అమ్మమ్మతో చెప్తే ఆవిడ సంతోషంగా ఒప్పుకుంటారు. వద్దు అని మాత్రమే చెప్పి ఊరుకుంటే బాధపడతారు. పెద్దవాళ్లకి ఏదైనా వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు, దాని బదులు వాళ్లు చేయగలిగే పని ఒకటి చేతిలో పెట్టండి.

ఇల్లు ఎంత చిన్నదైనా ఒక గది, కనీసం ఒక మూల, గోల లేకుండా ఉంచండి. పసిపిల్లకి పాలు పట్టడానికి, మూడేళ్ల వాడు నిద్రపోవడానికి, తాతయ్య నడుం వాల్చడానికి అదే దిక్కు. ఆ గదిలో టీవీ వద్దు.

వారం ముందు: సమాధి తోట

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇదే, ఖర్చు కూడా ఏమీ ఉండదు. మట్టల ఆదివారం నాడు, అంటే ఈస్టర్‌కి సరిగ్గా వారం ముందు, వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు అంగుళాల మట్టి పోసి, ఒక చిన్న మట్టికుండని అడ్డంగా పడుకోబెట్టి సగం కప్పండి. అదే యేసు సమాధి. దాని మూతికి సరిపోయే గుండ్రటి రాయిని పిల్లలే వెతికి తేవాలి, ఈ రాయి వేటే వాళ్లకి ఒక పెద్ద పని. మిగతా మట్టి మీద ఆవాలో మెంతులో చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తే రెండు మూడు రోజుల్లో మొలకలు వస్తాయి, ఆదివారానికి పచ్చగా ఉంటుంది. పుల్లలు దారంతో కట్టి మూడు సిలువలు చేసి నిలబెట్టండి.

శుక్రవారం సాయంత్రం ఒక చిన్న చెక్కబొమ్మనో, బట్టతో చేసిన బొమ్మనో తెల్ల గుడ్డలో చుట్టి కుండలో పెట్టి రాయి అడ్డం పెట్టండి. శనివారం ఎవరూ ముట్టుకోకూడదు. ఆదివారం పిల్లలు లేవకముందే మీరు లేచి రాయి పక్కకి జరిపి, బొమ్మ తీసేసి, గుడ్డ మాత్రం లోపల వదిలేయండి. యోహాను 20వ అధ్యాయంలో నారబట్టలు పడి ఉన్నాయనీ, తలకి చుట్టిన రుమాలు వేరే చోట చుట్టిపెట్టి ఉందనీ రాసి ఉంది, మీరు కూడా ఒక చిన్న గుడ్డముక్కని విడిగా మడిచి పెట్టండి, ఐదారేళ్ల పిల్లలు దాన్ని చూసి తప్పకుండా అడుగుతారు. అందరిలోకీ చిన్నదాన్ని ముందు చూడనివ్వండి. మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు పరుగెత్తుకొచ్చి "లేడు! లేడు!" అని అరిచిన ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, దాని తర్వాత ఇంక ఎవరూ ప్రసంగం చేయాల్సిన పని పడలేదు.

శుక్రవారం

గుడ్ ఫ్రైడే ఆరాధన చాలాచోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు సాగుతుంది, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ధ్యానం. సువార్తల్లో ఆ మూడు గంటలూ చీకటి కమ్మిందని ఉంది కాబట్టి ఆ సమయం. నాలుగేళ్ల పిల్లని మూడు గంటలు కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు, పెట్టకండి. పెద్దవాళ్లు వంతులు వేసుకోండి, ఒకరు లోపల, ఒకరు బయట పిల్లలతో. ఏడు మాటల్లో పిల్లలకి సూటిగా తగిలేవి రెండున్నాయి, ఒకటి దాహం అన్న మాట, రెండోది తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. ఇంటికొచ్చాక ఈ రెండూ చెప్తే చాలు. దాహం అంటే ఏంటో వాళ్లకి తెలుసు, అమ్మని చూసుకోవడం అంటే ఏంటో కూడా తెలుసు.

మేకులు, రక్తం వివరంగా చెప్పకండి. "యేసుని సిలువ వేశారు, ఆయన చనిపోయారు, ఆయన్ని ప్రేమించిన వాళ్లు చాలా ఏడ్చారు." మూడేళ్ల పిల్లకి ఇంత చాలు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, "నిద్రపోయారు" అనకండి. చిన్నపిల్లలు మాటని మాటగానే తీసుకుంటారు, ఆ రాత్రి పడుకోవడానికే భయపడతారు. చనిపోయారు అనే మాటే వాడండి, అంటే శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఊపిరి లేదు, నొప్పి కూడా లేదు అని చెప్పండి.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "మరి మన తాతయ్య కూడా మూడో రోజు లేస్తాడా?" అందరూ ఉన్న గదిలో, నానమ్మ ఎదురుగానే అడుగుతారు. మాట దాటేయకండి, "ష్" అనకండి. "తాతయ్య మూడో రోజు మన ఇంటికి రారు. యేసు లేచారు కాబట్టి తాతయ్యని కూడా ఒకరోజు లేపుతారని మనం నమ్ముతున్నాం, ఆ రోజు ఎప్పుడో మనకి తెలీదు, అందుకే నానమ్మకి తాతయ్య గుర్తొచ్చి ఏడుపొస్తుంది" అని మెల్లగా చెప్పండి. నానమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి, పిల్ల వెళ్లి ఒళ్లో కూర్చుంటుంది. ముందే ఆవిడతో ఒక మాట అని ఉంచితే ఇంకా మంచిది, పిల్లలు ఇలా అడగొచ్చు, మేమిలా చెప్పాలనుకుంటున్నాం, మీకు సరేనా అని.

శుక్రవారం భోజనం తేలిగ్గా, టీవీ ఆపేసి, సాయంత్రం ఒక్క కొవ్వొత్తి వెలిగించి అందరూ ఒక ఐదు నిమిషాలు కలిసి కూర్చుంటే అది చాలు. కొవ్వొత్తి పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉండాలి.

శనివారం, అందరూ మర్చిపోయే రోజు

ఈ రోజుని వంటకీ ఇల్లు సర్దడానికీ ఇచ్చేస్తారు, కానీ పిల్లలకి ఇదే అసలు రోజు, చేతులతో పని చేసే రోజు. గుడ్లకి రంగులు వేయండి. చల్లటి నీళ్లలో గుడ్లు వేసి, నీళ్లు మరిగాక పది పన్నెండు నిమిషాలు ఉంచి తీసి చల్లార్చండి. ఒక్కో గిన్నెలో అర కప్పు వేడినీళ్లు, ఒక టీస్పూను వెనిగర్, వంటకి వాడే రంగు పది ఇరవై చుక్కలు. గుడ్డు పెంకు క్యాల్షియం కార్బొనేట్ కదా, వెనిగర్ దాన్ని కొంచెం కొరికి రంగు పట్టేలా చేస్తుంది, గుడ్డు చుట్టూ చిన్న బుడగలు రావడం పిల్లలకి చూపించండి. ఐదు నిమిషాల్లో రంగు వచ్చేస్తుంది. సీసా రంగులు వద్దనుకుంటే పసుపు, బీట్‌రూట్, ఉల్లిపాయ తొక్కలు నీళ్లలో అరగంట ఉడకబెట్టి వడకట్టి అందులో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టొచ్చు, రంగు మెత్తగా, మట్టివాసన ఉన్నట్టుగా అందంగా వస్తుంది. వేడినీళ్లు పోసేది పెద్దవాళ్లు, రంగు చల్లారాక ముంచేది పిల్లలు.

ఈ పని తాతయ్యకో అమ్మమ్మకో అప్పగించండి, మీరు పక్కకి తప్పుకోండి. గుడ్డు ఎందుకు అని పిల్లలు అడిగితే వాళ్లు చెప్పడానికి రెండు సంగతులు. పూర్వం నలభై రోజుల ఉపవాసంలో గుడ్లు తినేవాళ్లు కాదు, కోళ్లు మాత్రం పెట్టడం ఆపవు కదా, అవన్నీ పోగై ఈస్టర్ నాటికి పండుగ భోజనం అయ్యేవి. ఇంకోటి, ఆర్థడాక్స్ లాంటి తూర్పు చర్చిల్లో గుడ్లకి ఎర్ర రంగే వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా, పెంకు పగిలితే సమాధి తెరుచుకున్నట్టు. ఇలా రంగులు వేసేటప్పుడే మీ చిన్నప్పుడు ఈస్టర్ ఎలా చేసేవారు అని పెద్దవాళ్లని అడగండి, ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసి పెట్టుకోండి. చేతులు పనిలో ఉన్నప్పుడు వాళ్లు చెప్పే కథలు, కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రావు.

ఉడికించిన గుడ్ల విషయంలో అశ్రద్ధ చేయకండి. బయట రెండు గంటలు దాటితే, బాగా ఎండగా ఉంటే గంట దాటితేనే, తినకూడదు. ఫ్రిజ్‌లో పెంకుతో ఉంటే వారం రోజులు ఉంటాయి. అందుకని వెతికే ఆటకి దాచే గుడ్లు వేరు, తినే గుడ్లు వేరు అని మొదటి నుంచే విడిగా పెట్టుకోండి. దాచడానికి ప్లాస్టిక్ గుడ్లే నయం.

శనివారం రాత్రి బట్టలు, చెప్పులు, బైబిలు, పాలసీసా, తడి గుడ్డలు, ఇంకో జత డ్రెస్ అన్నీ తలుపు దగ్గర పెట్టేసి పిల్లల్ని రోజూ కంటే గంట ముందే పడుకోబెట్టండి. బంధువులు "ఇంకాసేపు ఉండనివ్వు, రోజూ చూస్తామా" అంటారు. ప్రేమతోనే అంటారు, అయినా ఈ ఒక్క రాత్రి లొంగకండి.

ఆదివారం

సూర్యోదయ ఆరాధనకి అందరూ వెళ్లాల్సిందే అనుకోకండి. ఏడాదిలోపు పాపని చీకట్లో లేపి తీసుకెళ్తే రోజంతా దాని ఫలితం అందరూ అనుభవిస్తారు. ఒకరు ఇంట్లో ఉండి, రెండో ఆరాధనకి వెళ్లొచ్చు. నాలుగైదేళ్ల పిల్లల్ని మాత్రం వీలైతే తీసుకెళ్లండి, చీకట్లో బయల్దేరి వెలుగు వచ్చేదాకా పాడటం వాళ్లకి జన్మంతా గుర్తుంటుంది. మగ్దలేనే మరియ కూడా ఇంకా చీకటిగా ఉండగానే బయల్దేరింది అని దారిలో చెప్పండి. ఆవిడ ఏడుస్తూ ఎదురుగా ఉన్న ఆయన్ని తోటమాలి అనుకుంది, తన పేరు పిలవగానే గుర్తుపట్టింది, ఈ ముక్క పిల్లలకి చాలా ఇష్టం. మీరు వాళ్ల పేరు పెట్టి పిలిచి చూపించండి.

ఇంటికి రాగానే "క్రీస్తు లేచెను" అని ఒకరంటే "నిజముగా లేచెను" అని మిగతా అందరూ అనాలి. చాలా పాత పలకరింపు ఇది. పిల్లలకి నేర్పితే రోజంతా వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా అరుస్తూనే ఉంటారు, అరవనివ్వండి. సమాధి తోట చూశాక ముందు టిఫిన్ పెట్టండి, ఆ వెంటనే గ్రూప్ ఫోటో తీసేయండి. ఫోటోని మధ్యాహ్నానికి వాయిదా వేస్తే సగం మంది బట్టల మీద మరకలు, సగం మంది నిద్రలో. దూరంగా ఉన్న వాళ్లకి వీడియో కాల్ కూడా ఇప్పుడే, ఆట మధ్యలో కాదు.

ఇక గుడ్లు వెతికే ఆట. వయసులు కలిసిపోతే ఎనిమిదేళ్ల బావ అన్నీ ఏరేస్తాడు, మూడేళ్లది ఖాళీ బుట్టతో నిలబడి ఏడుస్తుంది. ఒక్కో పిల్లకి ఒక్కో రంగు, తలా పది గుడ్లు, ఎవరి రంగు వాళ్లే తీయాలి, వేరే వాళ్ల రంగు కనిపిస్తే చెప్పకూడదు, మెల్లగా సైగ చేయొచ్చు అంతే. చిన్నవాళ్లవి మోకాలి ఎత్తులో కళ్లెదురుగా, ఐదారేళ్ల వాళ్లవి సగం కనిపించేలా, పెద్దవాళ్లకి చీటీల మీద ఆచూకీలు. దాచేటప్పుడు ప్రతి చోటుకీ ఫోన్‌లో ఫోటో తీయండి, లేకపోతే రెండు గుడ్లు ఎప్పటికీ దొరకవు. నాలుగేళ్లలోపు పిల్లల గుడ్లలో నాణేలు, గోలీలు, గట్టి మిఠాయిలు, బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మలు అస్సలు పెట్టకండి. టిష్యూ రోల్ అట్టగొట్టంలోంచి జారిపోయే వస్తువు ఏదైనా వాళ్ల గొంతుకి అడ్డం పడగలదు, ఇదే కొలత పెట్టుకోండి. ద్రాక్షపళ్లు పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ దానికి విషం, ఆట అయ్యేదాకా కట్టేయండి.

అన్నీ దొరికాక చివర్లో ఒక్క బంగారు రంగు గుడ్డు దాచి ఉంచండి, అందరూ కలిసి వెతకాలి. తెరిస్తే లోపల ఏమీ ఉండకూడదు. ముందు ముఖాలు చిన్నబోతాయి. అప్పుడు తాతయ్య అడగాలి, పొద్దున మనం చూసిన ఖాళీ ఇంకోటి ఏది అని. ఎవరో ఒకరు "కుండ!" అంటారు. అంతకు మించి వివరించకండి.

భోజనానికి పిల్లల్ని పెద్దవాళ్లతో పాటు కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి, వాళ్లకి గంట ముందే పెట్టేసి నిద్రపుచ్చండి, ఆ తర్వాత పెద్దవాళ్లు నింపాదిగా తినొచ్చు. వంట మొత్తం ఒక్కరి నెత్తిన పడకుండా చూడండి. ఏటా ఒకే కోడలు, ఒకే కూతురు వంటింట్లో ఉండిపోయి గుడ్ల ఆట చూడకుండానే పండుగ అయిపోయే ఇళ్లు నాకు తెలుసు, అది న్యాయం కాదు. శనివారం రాత్రే చాలావరకు వండి పెట్టుకుని, ఆట సమయానికి పొయ్యి ఆపేసి అందరూ బయటికి రావాలి.

ముద్దు పెట్టు, ఒళ్లోకి రా అని చుట్టాలు అడుగుతారు, పిల్ల వెనక్కి జరిగితే బలవంతం చేయకుండా "చేయి ఊపు, దండం పెట్టు, ఏది ఇష్టమైతే అది" అని మీరే మధ్యలో దారి చూపించండి. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే వాళ్ల వాళ్ల అమ్మానాన్నలే చూసుకోవాలి, మిగతా వాళ్లు తీర్పు చెప్పకూడదు, ఈ ఒక్క నియమం వల్ల ఎన్నో మాటపట్టింపులు తప్పుతాయి.

చిన్నవాళ్లు పడుకున్నాక పెద్ద పిల్లల్ని తీసుకుని తాతయ్యలతో కలిసి కాస్త నడవండి. లూకా 24లో అదే ఆదివారం ఇద్దరు శిష్యులు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే ఊరికి, సుమారు 11 కిలోమీటర్లు, నడుస్తూ ఉంటే యేసు పక్కన కలిసి నడిచారు, రొట్టె విరిచే దాకా వాళ్లు ఆయన్ని గుర్తుపట్టలేదు. మీరు వీధి చివరిదాకా వెళ్లొచ్చినా చాలు. తిరిగొచ్చాక ఒక రొట్టెని చేతులతో విరిచి అందరికీ పంచండి, సాయంత్రం టీకి అదే సరిపోతుంది.

సోమవారం ఊళ్లకి బయల్దేరే వాళ్ల చేతికి పిల్లల రంగు గుడ్లు, ఫ్రిజ్‌లోవి, తలా రెండు ఇవ్వండి. ప్లాస్టిక్ గుడ్లు లెక్కపెట్టి డబ్బాలో సర్దండి. ఏ చోట్లు బాగా కుదిరాయి, ఎవరికి ఏది పడలేదు, ఏ పని ఎవరు బాగా చేశారు అని ఒక కాగితం మీద రాసి అదే డబ్బాలో పెట్టండి, వచ్చే ఏడాది మెసేజ్ పెట్టేటప్పుడు పనికొస్తుంది. తోట పళ్లేన్ని మాత్రం అప్పుడే పారేయకండి, మొలకలు ఇంకో వారం పచ్చగానే ఉంటాయి, పిల్లలు నీళ్లు పోస్తూ ఉంటారు.